ఒకే కొలత బోర్డులో కడప పెద్దది, కర్నూలు చిన్నది ఎందుకు?

మా బావమరిదికి సెల్‌ఫోన్ షాపులు మూడున్నాయి. కడపలో ఒకటి, అనంతపురంలో ఒకటి, కర్నూలులో ఒకటి. ఈమధ్య మూడింటికీ ఒకే తరహా కొత్త బోర్డులు చేయించాడు. నల్లటి ఏసీపీ షీటు (రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక), దాని మీద తెల్లటి యాక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్‌ఈడీ లైట్లు. పై వరుసలో ఇంగ్లీషులో ఊరి పేరు, కింది వరుసలో తెలుగులో. ఒక్కో వరుసకు 55 సెంటీమీటర్ల ఎత్తు. ఫాంటు కూడా మూడింటికీ ఒకటే. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్న లావుపాటి, గుండ్రటి, కంపాస్ పెట్టి గీసినట్టుండే రకం.

బోర్డులు ఎక్కించిన రోజు సాయంత్రమే ఫోన్ చేశాడు. "బావా, కడప బోర్డు చూస్తే కడుపు నిండిపోయింది. కర్నూలుది చూస్తే తెలుగు అక్షరాలు ఇంతింతే ఉండాయి. ఇంగ్లీషు మాత్రం రెండు చోట్లా ఒకటే సైజు. బోర్డు చేసినాయన మెటీరియల్ మిగిలించుకున్నాడేమో, నువ్వొకసారి మాట్లాడు" అన్నాడు.

ఫొటోలు పంపమన్నాను. చూశాక మాట్లాడాల్సిన పని లేదనిపించింది. బోర్డు చేసినాయన మా వాడు చెప్పిన కొలతకే చేశాడు. తేడా అంతా కర్నూలులో ర కింద కూర్చున్న న వత్తు వల్ల వచ్చింది. పుస్తకాలకు పేజీలు పెట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. ఇంగ్లీషు అంత బలంగా ఉంటే తెలుగు ఎందుకు నీరసంగా కనిపిస్తోంది? లావు చేస్తే అక్షరాలు ఎందుకు పూడుకుపోతున్నాయి? ఈ ప్రశ్నలన్నిటి వెనక ఒకే విషయం ఉంది. అది ఓపిగ్గా విప్పి చెప్పదగ్గది.

లావు, జామెట్రిక్, డిస్‌ప్లే: మూడూ వేరువేరు సంగతులు

అక్షరాల రూపకల్పనను టైప్‌ఫేస్ అంటారు. ఆ రూపాలను కంప్యూటర్‌లో వాడుకోవడానికి వీలుగా చేసిన ఫైలు ఫాంటు. చీర డిజైనుకీ, నేసిన చీరకీ ఉన్న తేడా అనుకోవచ్చు. వాడుకలో రెండింటినీ ఫాంటు అనే అంటాం. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

లావు అంటే గీత మందం. దీనికి అంకెలున్నాయి. మామూలు అక్షరం 400, బోల్డ్ 700, అంతకంటే లావైనవి 800, 900. ఈ అంకెలు మందానికి కొలతలు కావు, వరుసలో స్థానాలు మాత్రమే. ఒక ఫాంటులోని 700, ఇంకో ఫాంటులోని 700 కంటే లావుగా ఉండొచ్చు.

జామెట్రిక్ అంటే అక్షరాన్ని వృత్తం, సరళరేఖ లాంటి ఆకారాలతో కట్టడం. గీత మందం పైనా కిందా పక్కనా ఒకేలా కనిపిస్తుంది. చేతిరాతలో ఉండే ఒత్తిడి, జారుడు ఉండవు. ఈ తరహాకు బాగా తెలిసిన ఉదాహరణ ఫ్యూచురా. జర్మనీకి చెందిన పాల్ రెన్నర్ గీసినది, 1927లో అచ్చు అక్షరాలు పోసే బావర్ ఫౌండ్రీ విడుదల చేసింది. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీదున్న అక్షరాలు ఆ ఫాంటువే.

ఇక డిస్‌ప్లే అంటే దూరం నుంచి, పెద్దగా, కొద్ది మాటల్లో చూడడానికి చేసినది. బోర్డు, పోస్టరు, పుస్తకం అట్ట, పెళ్లి పత్రికలో పేర్లు దాని చోట్లు. వార్తంతా దాంతో పేర్చితే రెండో పేరాకే కళ్లు అలసిపోతాయి.

ఒక ఫాంటు ఈ మూడూ కావొచ్చు, కాకపోనూ వచ్చు. సన్నటి జామెట్రిక్ ఫాంట్లున్నాయి. లావుగా ఉండి చేతిరాతలా సాగే డిస్‌ప్లే ఫాంట్లూ ఉన్నాయి. మా వాడు ఎంచుకున్నది మూడూ కలిసిన రకం. దానికి గట్టి కారణమే ఉంది. ఎల్‌ఈడీ అక్షరం లోపల లైటు ముక్కలు పట్టాలంటే గీతకు వెడల్పు కావాలి. సన్నటి తలకట్టులో లైటు పట్టదు, రాత్రిపూట ఆ భాగం చీకటిగా ఉండిపోతుంది.

నిజమైన వృత్తం బోర్డు మీద గుండ్రంగా కనిపించదు

జామెట్రిక్ ఫాంటును కంపాస్, స్కేలు ఉంటే ఎవరైనా గీయొచ్చని చాలామంది అనుకుంటారు. నేను కూడా మొదట్లో అలాగే అనుకుని గీసి చూశాను. కొలతలన్నీ సరిపోయాయి, కంటికి మాత్రం అన్నీ తప్పుగా కనిపించాయి.

కంటికి కొన్ని అలవాట్లున్నాయి. ఒకే మందం ఉన్న రెండు గీతల్లో ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే అడ్డగీతే లావుగా కనిపిస్తుంది. కాబట్టి వలయాన్ని అంతటా ఒకే మందంతో గీస్తే పైనా కిందా ఉబ్బినట్టుంటుంది. ఫాంటు చేసేవాళ్లు పక్కల్లో 160 పెడితే పైనా కిందా 140 పెడతారు. ఈ అంకెలు యూనిట్లు. అక్షరం గీసే గడిని సాధారణంగా 1000 యూనిట్లుగా విభజించుకుంటారు.

రెండో అలవాటు ఎత్తుకు సంబంధించినది. ఇంగ్లీషు హెచ్ పక్కన అంతే ఎత్తున్న ఓ పెడితే ఓ పొట్టిగా కనిపిస్తుంది. వలయం గీతను ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది కదా. అందుకని ఓ ను పైకీ కిందికీ పది, పన్నెండు యూనిట్లు ఎక్కువ గీస్తారు. మూడోది, రెండు గీతలు కలిసే చోట నల్లటి ముద్దలా కనిపించడం. గీత ఎంత లావైతే ఆ ముద్ద అంత పెరుగుతుంది. అక్కడ గీతను కాస్త సన్నం చేసి సర్దుతారు.

అంటే జామెట్రిక్ ఫాంటులో ఉండేది జామెట్రీలా కనిపించే సర్దుబాటు. ఫ్యూచురాకు కూడా ఇదే జరిగింది. రెన్నర్ తొలి నమూనాల్లో ఆర్ అంటే ఒక నిలువుగీత, పక్కన ఒక చుక్క. అలాంటి విపరీతమైన రూపాలను చివరికి పక్కన పెట్టి, చదవడానికి అలవాటైన రూపాలనే ప్రధాన ఫాంటులో ఉంచారు.

డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోని బీ (బోల్డ్) బటన్‌తో వచ్చే చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఫాంటుకు సొంతంగా బోల్డ్ ఫైలు లేకపోతే ఆ బటన్ అక్షరం అంచును అన్ని వైపులా సమానంగా ఉబ్బిస్తుంది. ఎక్కడ సన్నం చేయాలో దానికి తెలియదు. పైన చెప్పిన సర్దుబాట్లేవీ జరగవు.

తెలుగు పుట్టుకతోనే గుండ్రం, మరి ఇబ్బంది ఎక్కడ?

తెలుగు అక్షరాలు ఎటూ గుండ్రటివే కాబట్టి జామెట్రిక్ ఫాంటు తెలుగుకు ఇంగ్లీషు కంటే బాగా కుదరాలని అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. అనంతపురంలో సున్నలు చూడండి, అంత శుద్ధమైన వలయం ఇంగ్లీషులో ఓ ఒక్కటే.

ఇబ్బంది ఆ గుండ్రంలోనే ఉంది. ఇంగ్లీషులో ఓ ను గుర్తుపట్టడానికి దాని ఆకారం చాలు. తెలుగులో చాలా అక్షరాలు ఒకే వలయం నుంచి పుట్టి, చిన్న గుర్తుతో వేరవుతాయి. ర కడుపులో చుక్క పెడితే ఠ. ద లాంటి ఆకారంలో చుక్క ఉంటే థ, కింద చిన్న గీత ఉంటే ధ. డ కింద గీత పెడితే ఢ. అనంతపురం చివర్లో ఉన్న "రం" అంటే పక్కపక్కన రెండు వలయాలు, మొదటిదానికి తలకట్టు. ఆ తలకట్టు కుదించుకుపోతే దూరం నుంచి రెండు సున్నలే.

ఇప్పుడు లావు చేసి చూద్దాం. ఒక వలయం బయటి వెడల్పు 500 యూనిట్లు అనుకుందాం. గీత మందం 80 అయితే లోపలి ఖాళీ 340. అందులో 80 వెడల్పున్న చుక్క పెడితే చుక్కకు అటూ ఇటూ 130 చొప్పున మిగులుతుంది. ఠ హాయిగా కనిపిస్తుంది. గీతను 160 చేస్తే ఖాళీ 180కి పడిపోతుంది. అదే చుక్క పెడితే అటూ ఇటూ 50 మాత్రమే. నిజానికి గీత లావైతే చుక్క కూడా లావు కావాలి. దానికి చోటు లేదు.

ఈ 50 యూనిట్లు బోర్డు మీద ఎంత? 500 యూనిట్ల వలయాన్ని 20 సెంటీమీటర్లకు కోస్తే 2 సెంటీమీటర్లు. బాగానే ఉంది, కోసే మిషన్‌కు కూడా ఇబ్బంది లేదు. అదే ఫాంటును ఫోనులో 16 పిక్సెళ్ల సైజులో పెడితే 0.8 పిక్సెల్. ఒక్క పిక్సెల్ కూడా లేదు. చుక్క, వలయం కలిసి ఒకే నల్లటి బిళ్ల అవుతుంది. డిస్‌ప్లే ఫాంటును పెద్ద సైజులోనే వాడాలనడానికి అసలు కారణం ఈ లెక్కే.

తలకట్టుది ఇంకో కథ. కడపలో మూడు అక్షరాలకూ తలకట్టుంది. ప కి మాత్రం అది ఒంటికి అంటకుండా పైన విడిగా ఉంటుంది. లావైనకొద్దీ ఆ సందు మూసుకుపోతుంది. కొందరు డిజైనర్లు సందును కాపాడటానికి తలకట్టును పైకి జరుపుతారు, అప్పుడు ప పక్క అక్షరాల కంటే పొడుగవుతుంది. కొందరు దాన్ని పలచన చేస్తారు, అప్పుడు ఒంటికీ తలకీ మందం కుదరదు. ఇంకొందరు అంటించేస్తారు. బోర్డు కోసేవాళ్లకు ఈ మూడోదే ఇష్టం. విడి తలకట్టు అంటే విడిగా కోసి, విడిగా బిగించి, విడిగా వైరు లాగాల్సిన ముక్క.

వత్తు తినే ఎత్తు

ఇక మా వాడి బోర్డు సంగతి. అతని ఫాంటులో తలకట్టుతో సహా అక్షరం ఒళ్లు 600 యూనిట్లు. వత్తుకు కింద ఇంకో 400 కావాలి. ఇవి నేను ఆ ఫైలు తెరిచి దగ్గరి సంఖ్యకు సవరించిన కొలతలు.

కడపలో వత్తు లేదు. 600 యూనిట్లనే 55 సెంటీమీటర్లకు సాగదీయొచ్చు. అక్షరం నిండా 55 సెంటీమీటర్లు. కర్నూలులో న వత్తు ఉంది. మొత్తం 1000 యూనిట్లు అదే 55లో ఇమడాలి. అప్పుడు ఒళ్లుకు దక్కేది 55లో పదింట ఆరు వంతులు, అంటే 33 సెంటీమీటర్లు. ఒక్క వత్తు కోసం ఆ మాటలోని అక్షరాలన్నీ తగ్గాల్సి వచ్చింది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు కిందికి వేలాడే భాగం ఉండదు. అందుకే రెండు ఊళ్లలోనూ ఇంగ్లీషు పేరు గడి నిండా నిలబడింది.

ఫోనులోనో పేజీలోనో ఒకే సైజు పెట్టినా ఇంగ్లీషు పక్కన తెలుగు చిన్నగా కనిపించడానికీ చాలావరకు ఇదే కారణం. వత్తులకూ, పైన గుడులకూ చోటు వదలాలి కాబట్టి చాలా ఫాంట్లలో అక్షరం ఒళ్లును ముందే తగ్గించి గీస్తారు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మన ప్రాంతంలో బోలెడు బోర్డులు మారాయి. "అన్నమయ్య" అనే మాటలో రెండు వత్తులు. "శ్రీ సత్యసాయి"లో మొదటి అక్షరానికే కింద రావత్తు, పైన గుడి దీర్ఘం. లావు ఫాంటుకు ఇంతకంటే గట్టి పరీక్ష దొరకదు. ఫాంటు కొనేముందు చాలామంది "అమ్మ", "తెలుగు" అని కొట్టి చూసుకుంటారు. నేనైతే "స్త్రీ", "రాష్ట్రం" కొట్టి చూస్తాను.

పాత అచ్చులో దీనికొక తెలివైన మార్గం ఉండేది. పొల్లు ర వచ్చినప్పుడు ర ను ఒళ్లుగా పెట్టి దాని కింద వత్తు వేలాడదీయకుండా, తర్వాతి అక్షరాన్నే ఒళ్లుగా రాసి పక్కన తొమ్మిది అంకె లాంటి వలపలగిలక పెట్టేవాళ్లు. ధర్మము అనే మాట "ధమ౯ము" అయ్యేది. ఆ లెక్కన కర్నూలు "కనూ౯లు" అవుతుంది, కింద ఏమీ వేలాడదు, అక్షరం 55 సెంటీమీటర్లూ నిండుతుంది. కానీ ఈ తరంలో దాన్ని చదవగలిగేవాళ్లు తక్కువ. షాపు బోర్డు మీద వాడలేం. కర్నూలు పాత పేరు కందనవోలులోనూ వత్తు లేదు. ఆ పేరు ఈ ఫాంటులో ఎంత అందంగా కుదురుతుందో టైపు చేసి చూశాక చాలాసేపు స్క్రీన్ మీదే ఉంచుకున్నాను.

ఇది మన రాతేనా? మూడు వాదనలు

ఇలాంటి ఫాంట్ల మీద గట్టిగా వినిపించే అభ్యంతరం ఒకటుంది. ఇంగ్లీషు అచ్చులో తెలుగును పోసి, మన అక్షరంలో ఉండే లావు సన్నాల వయ్యారాన్ని తుడిచేస్తున్నారని. ఇది ప్రేమతో చేసే వాదన, తేలిగ్గా తీసేయలేను. అక్షరం ఒంపును చేతితో నేర్చుకున్నవాళ్లకు అన్ని గీతలూ ఒకే మందంలో ఉంటే నిర్జీవంగానే తోస్తుంది.

అయితే ఒకే మందం గీత మనకు కొత్తదేమీ కాదు. గంటంతో తాటాకు మీద గీసినప్పుడు పడేది అంతటా ఒకే మందం ఉన్న సన్నటి గాటు. మసి పూసి తుడిస్తే అక్షరం తేలుతుంది. అడ్డంగా గీస్తే ఆకు పీచు వెంట చీలుతుంది కాబట్టే మన అక్షరాలు గుండ్రబడ్డాయని చాలామంది పండితులు చెబుతారు. లావు సన్నాల తేడా ఎక్కువగా పాళీతో, తర్వాత అచ్చుతో బలపడింది.

ఇంకా వెనక్కి వెళ్తే గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు అశోకుడి శాసనాలున్నాయి. ఆ బ్రాహ్మీ లిపిలో క అంటే కూడిక గుర్తు. గ అంటే గుడిసె కప్పులా రెండు వాలు గీతలు. ఠ అంటే ఉత్త వలయం. థ అంటే వలయం, దాని నడిమధ్య ఒక చుక్క. ఇరవయ్యో శతాబ్దపు జర్మనీ డిజైనర్లు వెతుక్కున్న శుద్ధమైన ఆకారాలు మన కర్నూలు జిల్లా రాళ్ల మీద ఉన్నాయి. బ్రాహ్మి నేటి తెలుగు కాదు, నిజమే. కడప జిల్లా కలమళ్ళ శాసనం నాటికి, అంటే సుమారు క్రీస్తుశకం 575 నాటికి, భాష తెలుగైంది గానీ అక్షరాలు ఇంకా మన అక్షరాలు కాలేదు. అయినా థ కడుపులోని చుక్క మాత్రం ఆ వలయంలోని చుక్క వారసురాలే. రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా నిలిచిన చుక్క అది. పైన లెక్కలో 0.8 పిక్సెల్ సందులో కనిపించకుండా పోతున్న చుక్కల్లో అదొకటి. నాకు బాధ కలిగించేది అదే.

రెండో వాదన కంపెనీల డిజైనర్లది. ఇంగ్లీషు పేరు, తెలుగు పేరు పక్కపక్కన ఉన్నప్పుడు రెండూ ఒకే ఇంటివిగా కనిపించాలని. ఇందులో న్యాయముంది. లావు ఇంగ్లీషు పక్కన సన్నటి తెలుగు పెడితే తెలుగు తర్వాత ఎవరో అతికించినట్టుంటుంది. సమస్య ఎక్కడొస్తుందంటే, కొలమానం ఎప్పుడూ ఇంగ్లీషుదే అవుతుంది. ఇంగ్లీషు గీత 160 కాబట్టి తెలుగు కూడా 160 అంటారు. వలయంలో చుక్క పట్టదు కాబట్టి తెలుగును 130 దగ్గర ఆపి, ఇంగ్లీషునూ కాస్త తగ్గిద్దామని అడిగేవాళ్లు అరుదు.

మూడోది కుంచె పట్టే ఆర్టిస్టులది. గోడల మీద, బస్సుల మీద రాసేవాళ్లు ఒక్కో మాటను ఒక్కో బొమ్మలా చూస్తారు. వత్తు వస్తే దాన్ని పక్క అక్షరం కింద ఉన్న ఖాళీలోకి జరుపుతారు. కొమ్మును సాగదీస్తారు. ఫాంటు ఆ పని చేయలేదు. ఏ అక్షరం పక్కన ఏది వచ్చినా కుదిరేలా దాన్ని ముందే గీసి ఉంచాలి కదా. ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు. వాళ్ల చేతిలో కర్నూలు మాట ఎప్పుడూ చిన్నది కాలేదు.

మొత్తంగా "మనది కాదు" అన్న అభ్యంతరం నాకు నిలబడేదిగా అనిపించలేదు. "చదవడం కష్టం" అన్నది మాత్రం పూర్తిగా నిలబడుతుంది.

పాపిన్స్ పెట్టినా తెలుగు ఎందుకు మారదు?

బోర్డుల వాళ్ల దగ్గర వినిపించే ఇంకో ప్రశ్న ఇది. పాపిన్స్ ఉచితంగా దొరికే చక్కటి జామెట్రిక్ ఫాంటు. అందులో ఇంగ్లీషు, దేవనాగరి ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు మాటను సెలెక్ట్ చేసి పాపిన్స్ అని పెడితే కంప్యూటర్ చెప్పకుండా తన దగ్గరున్న ఇంకో తెలుగు ఫాంటు వాడుతుంది. విండోస్‌లో అది నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్. పేరు పాపిన్స్ అని చూపిస్తూనే ఉంటుంది.

తెలుగు చేర్చడం ఎందుకంత కష్టం? ఇంగ్లీషుకు చిన్నవి 26, పెద్దవి 26, అంకెలు, గుర్తులు. తెలుగులో 36 హల్లులు, 12 గుణింతాలు అనుకుంటే 432 రూపాలు. ప్రతి హల్లు కిందా ప్రతి వత్తు వచ్చే వీలు లెక్కిస్తే 1296 జంటలు, వాటికి గుణింతాలు కలిపితే 15,552. అన్నీ మాటల్లో రావు, ముక్కలను కలిపి చాలావరకు పుట్టించవచ్చు. అయినా వందల ముక్కలను, వాటిని కలిపే నియమాలను ఫాంటులో పొందుపరచాలి. లావు ఫాంటులో అయితే ప్రతి కలయికలో ఎవరు ఎవరిని తాకుతున్నారో కూడా చూడాలి.

పాత డీటీపీ సెంటర్లలో చిక్కు మరో రకం. అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు పెట్టారు. ఫోనులో, ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఉండే యూనికోడ్‌లో టైపు చేసిన మాటను అక్కడ అతికిస్తే చెత్త గుర్తులు వస్తాయి. అక్కడ పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. కొత్త ఫాంట్లన్నీ యూనికోడ్‌వే కాబట్టి వాటిని చదవలేని సాఫ్ట్‌వేర్‌లో వత్తు విడిపోయి పక్కన పడుతుంది. దాన్ని చూసి ఫాంటు బాగాలేదనుకుంటారు.

తెలుగులో లావుగా వాడుకోదగ్గవి లేకపోలేదు. శీర్షికల కోసం చేసిన రామభద్ర ఉంది. ఎక్ టైప్ సంస్థ చేసిన బలూ తమ్ముడు ఉంది, బొద్దుగా, నవ్వుమొహంతో ఉంటుంది. అదే సంస్థ చేసిన అనేక్ తెలుగు శుద్ధ జామెట్రిక్ కాదు గానీ లావునూ వెడల్పునూ విడివిడిగా మార్చుకునే వీలుంది. వత్తున్న మాటకు అది చాలా ఉపయోగం. ఎత్తు పెంచలేనప్పుడు వెడల్పు పెంచి మాటకు బరువు తేవచ్చు. ఈ మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవే. బోర్డుకో పుస్తకానికో వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటు ఫైలును విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.

110 సెంటీమీటర్లను మళ్లీ పంచితే

ఇదంతా ఫోనులో చెబితే మా వాడు ఓపిగ్గా విన్నాడు. కర్నూలు తెలుగు కడపలాగే 55 రావాలంటే వరుసకు దాదాపు 92 సెంటీమీటర్లు కావాలి. ఇంగ్లీషు 55తో కలిపితే షట్టర్ బాక్సు దాటిపోతుంది. అప్పుడు తనే అడిగాడు, "ఇంగ్లీషుకూ తెలుగుకూ సగం సగం ఇయ్యాలని యాడ రాసుంది బావా?"

ఎక్కడా లేదు. మొత్తం 110లో తెలుగు వరుసకు 75, ఇంగ్లీషుకు 35 పెట్టి మళ్లీ కొలిచాం. కర్నూలులో తెలుగు ఒళ్లు 45 సెంటీమీటర్లకు వచ్చింది. కడప, అనంతపురం బోర్డుల్లోనూ అదే 45 ఉంచాం, మూడూ ఒకే షాపువని తెలియాలి కదా. కడపలో అక్షరాల కింద 30 సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది. అందులో "అమ్మకాలు, రిపేర్లు" అని రాయించాడు. ఆ వరుస మాత్రం లావు ఫాంటులో పెట్టలేదు.